దూరపు స్టేషన్లు పట్టాలంటే డబ్బు దేనిమీద పెట్టాలి: రిగ్గా, యాంటెన్నానా, పవరా?

హామ్ (ఔత్సాహిక రేడియో) లైసెన్స్ చేతికి రాగానే దాదాపు అందరూ అడిగే మొదటి ప్రశ్న "డీఎక్స్ (దూరపు స్టేషన్లతో మాట్లాడటం) చెయ్యాలి, ఏ రిగ్ (రేడియో సెట్) కొనమంటారు" అని. ఇక మొదలు, ఒకరు ఐకామ్ అంటారు, ఇంకొకరు యాయెసు అంటారు, మూడో ఆయన వచ్చి పాత కెన్‌వుడ్ ముందు ఇవన్నీ దండగ అంటాడు, అడిగినవాడు అయోమయంలో పడి చివరికి ఎవరు గట్టిగా చెప్తే అది కొనేస్తాడు. కానీ ఎదురు అడగాల్సిన రెండు ప్రశ్నలు ఎవరూ అడగరు: యాంటెన్నా పెట్టుకోడానికి మీకెంత జాగా ఉంది, మీ ఇంటిదగ్గర రేడియోలో వినిపించే నాయిస్ (గరగర) ఎంతుంది. ఈ రెండూ తెలీకుండా రిగ్ గురించి చెప్పే సలహా గాల్లో చెప్పేదే.

నా లెక్క ఇది, ముందే చెప్పేస్తున్నా: మొదట యాంటెన్నా, దాని తర్వాత నాయిస్ తగ్గించుకోవడం, తర్వాత కోయాక్స్ (రిగ్‌నీ యాంటెన్నానీ కలిపే కేబుల్), ఆ తర్వాతే రిగ్, అన్నిటికంటే ఆఖర్న పవర్ పెంచే లీనియర్ యాంప్లిఫయర్. బడ్జెట్ ఎంతున్నా సరే ఈ వరస మారదు.

ఎందుకో కొంచెం వివరంగా చెప్తా. హెచ్ఎఫ్‌లో (షార్ట్‌వేవ్‌లో) మన సిగ్నల్ దూరం పోయేది పైన 250 నుంచి 400 కిలోమీటర్ల ఎత్తులో ఉండే అయనోస్ఫియర్‌లోని ఎఫ్2 పొర నుంచి వంగి కిందికి రావడం వల్ల. యాంటెన్నా నుంచి సిగ్నల్ నేలకి దగ్గరగా, తక్కువ కోణంలో బయల్దేరితే ఒక్క హాప్‌లో (పైకెళ్లి కిందికి దిగే ఒక్క గెంతులో) 3,000 పైచిలుకు, బాగుంటే 4,000 కిలోమీటర్ల దాకా పోతుంది, నిటారుగా పైకి పోతే కొన్ని వందల కిలోమీటర్లలోనే దిగిపోతుంది. దూరానికి ఎన్ని హాప్‌లు ఎక్కువైతే అంత నష్టం. అంటే మీ దగ్గర ఎంత మంచి రిగ్ ఉన్నా సరే, యాంటెన్నా సిగ్నల్‌ని ఆకాశంలోకి నిలువుగా కొడుతుంటే ఖండాలు దాటడం కష్టం. ఈ కోణాన్ని నిర్ణయించేది యాంటెన్నా రకం, దాని ఎత్తు. రిగ్‌కి ఇందులో ఏ పాత్రా లేదు.

ఇంకో లెక్క కూడా బుర్రలో పెట్టుకోండి, రిగ్‌లో సిగ్నల్ బలం చూపించే ఎస్-మీటర్ మీద ఒక పాయింట్ అంటే 6 డీబీ (డెసిబెల్). పవర్ నాలుగు రెట్లు చేస్తే అవతలివాడి మీటర్ మీద కదిలేది ఒక్క పాయింట్. 100 వాట్ల నుంచి 400 వాట్లకి పోతే ఎస్6 కాస్తా ఎస్7 అవుతుంది, అంతే. అటువైపు 100 నుంచి 5 వాట్లకి దిగినా పోయేది 13 డీబీ, అంటే రెండు పాయింట్లకి కొంచెం ఎక్కువ. ఇది తెలిశాక వాట్ల మీద మోజు సగం తగ్గిపోతుంది.

నమ్మకం కుదరకపోతే చెవులతో వినే పరీక్ష ఒకటుంది. 14.100 మెగాహెర్ట్జ్‌కి రిగ్ పెట్టి సీడబ్ల్యూ (మోర్స్ కోడ్) మోడ్‌లో ఓ మూడు నిమిషాలు ఊరికే వినండి. అక్కడ అంతర్జాతీయ బీకన్ ప్రాజెక్ట్ వాళ్ల 18 బీకన్లు (తమంతట తామే సిగ్నల్ పంపే స్టేషన్లు) ప్రపంచం నలుమూలల నుంచి ఒకదాని తర్వాత ఒకటి పది సెకన్ల చొప్పున వస్తుంటాయి. ప్రతి బీకన్ ముందు తన కాల్‌సైన్ పంపి తర్వాత నాలుగు పొడుగాటి డాష్‌లు కొడుతుంది, కాల్‌సైన్, మొదటి డాష్ 100 వాట్లు, రెండోది 10, మూడోది 1, నాలుగోది వాట్‌లో పదో వంతు. మొదటి డాష్ గట్టిగా వినిపించి, రెండోది కొంచెం పల్చబడి, మూడోది నాయిస్‌లో కలిసిపోతూ లీలగా వినిపిస్తుంటే ఒక్క వాట్ సముద్రాలు దాటి మీ చెవిలో పడినట్టే. బ్యాండ్ బాగున్న రోజు నాలుగో డాష్ కూడా దొరుకుతుంది. ఇదే బీకన్లు 18.110, 21.150, 24.930, 28.200 మీద కూడా ఉంటాయి కాబట్టి ఏ బ్యాండ్ ఏ దిక్కుకి తెరుచుకుందో కాసేపట్లో తెలిసిపోతుంది. యాంటెన్నా మార్చినప్పుడల్లా ఇక్కడికొచ్చి ఎన్ని డాష్‌లు పెరిగాయో వింటే మీకు ఇంకో సర్టిఫికెట్ అక్కర్లేదు.

యాంటెన్నాల్లో ఏది

మొదట డైపోల్, అంటే మధ్యలో కోయాక్స్ కలిపి రెండువైపులా చాచిన వైరు. తక్కువ ఖర్చు, చేత్తో చేసుకోవచ్చు, దీన్ని తక్కువగా చూడొద్దు. పొడవు లెక్క సులువు, 143ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మీటర్లలో మొత్తం పొడవు వస్తుంది, 14.2కి అయితే సుమారు 10 మీటర్లు, అటు అయిదు ఇటు అయిదు. కొంచెం పొడవుగా కోసి తర్వాత తగ్గించుకుంటూ రావాలి, ముందే కురచగా కోస్తే అతుకులే గతి. అసలు కిటుకంతా ఎత్తులో ఉంది. డైపోల్ దూరానికి పనిచెయ్యాలంటే కనీసం అర వేవ్‌లెంత్ ఎత్తు కావాలి, 20 మీటర్ల బ్యాండ్‌లో (బ్యాండ్ పేరే దాని వేవ్‌లెంత్) అది 10 మీటర్లు, ఎలాగోలా ఎక్కించొచ్చు. అదే 40 మీటర్ల బ్యాండ్‌కి 20 మీటర్ల ఎత్తు, 80కి 40 మీటర్లు, ఇది ఎంతమందికి కుదురుతుంది చెప్పండి. పావు వేవ్‌లెంత్ ఎత్తులో కట్టిన డైపోల్ ఎక్కువ భాగం నెత్తిమీదకే కొడుతుంది, చుట్టుపక్కల స్టేషన్లు 59 ప్లస్‌తో, అంటే మీటర్ దాటేంత గట్టిగా వస్తాయి, దూరపువాళ్లు మాత్రం అంతంతమాత్రం. చాలామంది "40లో నా డైపోల్ అదరగొడుతోంది" అంటారు, నిజమే, కానీ లాగ్ తీసి చూస్తే అన్నీ దగ్గరివే ఉంటాయి.

అందుకే వర్టికల్‌తో (నిలువు యాంటెన్నాతో) పోల్చేటప్పుడు బ్యాండ్ వారీగా చూడాలి. 40 మీటర్లకి పావు వేవ్ వర్టికల్ అంటే 10 మీటర్ల పొడుగు గొట్టమో, ఫైబర్ గ్లాస్ పోల్‌కి కట్టిన వైరో, దానికి ఎత్తు అక్కర్లేదు, నేలమీదే నిలబెట్టి దాని అడుగునుంచి చుట్టూ రేడియల్స్ (వైర్లు) పరిస్తే సిగ్నల్ తక్కువ కోణంలో పోతుంది. తక్కువ ఎత్తులో కట్టిన డైపోల్‌కంటే 40, 80లో దూరానికి ఇదే మేలు. కానీ రేడియల్స్ లేకపోతే మాత్రం వర్టికల్ దండగ, పవర్ అంతా మట్టిని వేడిచెయ్యడానికే పోతుంది. నేలమీద వేసేవైతే ఒక పదహారు వైర్లకి తగ్గకుండా వెయ్యండి, వాటి పొడవు కచ్చితంగా ఉండక్కర్లేదు, ఎత్తులో కట్టేవైతే రెండు నుంచి నాలుగు చాలు కానీ అవి పావు వేవ్‌కి సరిగ్గా కోసి ఉండాలి. "రేడియల్స్ అక్కర్లేదు, అన్ని బ్యాండ్లూ పనిచేస్తుంది" అని అమ్మే వర్టికల్స్ చూస్తే నాకు అనుమానమే, రేడియల్స్ మోయాల్సిన రెండో సగం కరెంట్ ఎక్కడికి పోతోంది అనే ప్రశ్నకి జవాబు సాధారణంగా "మీ కోయాక్స్ మీదకి" అనే ఉంటుంది. ఇంకో లోపం, ఇళ్ల నాయిస్‌ని వర్టికల్ కొంచెం ఎక్కువ పట్టుకుంటుంది. ఉప్పునీటి ఒడ్డున పెట్టినవాళ్ల సంగతి వేరు, వాళ్లతో మనం పోటీ పడలేం, అరుదైన చోట్లనుంచి మాట్లాడటానికి దీవుల మీదకెళ్లే డీఎక్స్‌పెడిషన్ వాళ్లు నీళ్ల అంచునే వర్టికల్స్ పాతేది ఊరికే కాదు.

ఎండ్ ఫెడ్ హాఫ్ వేవ్ ఈమధ్య అందరి నోటా వినిపిస్తోంది, దానికి కారణమూ ఉంది. 20 మీటర్ల వైరు, ఒక కొసన 49:1 ట్రాన్స్‌ఫార్మర్, దాంతో 40, 20, 15, 10 నాలుగు బ్యాండ్లు ట్యూనర్ (యాంటెన్నాని రిగ్‌కి సరిపడేలా సర్దే పరికరం) లేకుండానే దాదాపు సరిపోతాయి, పైగా కోయాక్స్ మధ్యలో వేలాడాల్సిన పనిలేదు. మేడమీద ఒక మూల నుంచి చెట్టుకి లాగేస్తే అయిపోయింది. నచ్చనిది ఏంటంటే ట్రాన్స్‌ఫార్మర్‌లో కొంత పవర్ వేడిగా పోతుంది, చిన్న కోర్ వేసినవాటిమీద ఎఫ్‌టీ8 లాంటి ఆగకుండా పంపే డిజిటల్ మోడ్‌లు వాడితే కోర్ వేడెక్కి ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా ఎంత సరిపడలేదో చూపే కొలత) పెరిగిపోతుంది, అందుకని పెట్టె మీద రాసిన వాట్లు ఎస్ఎస్‌బీకా (మాటలు పంపే మోడ్), డిజిటల్‌కా అని చూసుకోవాలి. కోయాక్స్ మీద మంచి చోక్ (కేబుల్ పైపొర మీద కరెంట్ పారకుండా ఆపేది) ఒకటి తప్పనిసరి, లేకపోతే రేడియో గదిలోకి ఆర్ఎఫ్ (రేడియో పవర్) వచ్చేసి మైక్ పట్టుకుంటే పెదవి చురుక్కుమంటుంది, కంప్యూటర్ మౌస్ తనంతట తనే ఆగిపోతుంది. ఒకే యాంటెన్నా పెట్టే వీలున్నవాళ్లకి నేనైతే ఇదే చెప్తా.

బాల్కనీ తప్ప దిక్కులేనివాళ్లకి మాగ్నెటిక్ లూప్. మీటర్ అడ్డకొలత ఉన్న రింగు 20 నుంచి 10 మీటర్ల దాకా పనిచేస్తుంది, తిప్పితే కొంత లోకల్ నాయిస్ కూడా తగ్గుతుంది. కానీ బ్యాండ్‌విడ్త్ మరీ సన్నం, ఫ్రీక్వెన్సీ కాస్త కదిపితే చాలు మళ్లీ ట్యూన్ చెయ్యాలి, కొన్ని పదుల వాట్లకే కెపాసిటర్ మీద వేల వోల్టులు లేస్తాయి. పక్కన కూర్చుని చెయ్యి తగిలేలా వాడే వస్తువు కాదది, దూరంగా పెట్టి మోటర్‌తో ట్యూన్ చేసేది తీసుకోండి.

ఇక ఒక దిక్కుకే ఎక్కువగా కొట్టేవి. యాగీ-ఉడా యాంటెన్నా జపాన్‌లోని తొహోకు యూనివర్సిటీలో 1926లో పుట్టింది, షింతారో ఉడా, హిదెత్సుగు యాగీ చేసిన పని, ఇన్నేళ్లయినా డీఎక్స్‌లో రాజు అదే. మూడు ఎలిమెంట్ల (కడ్డీల) యాగీ అదే ఎత్తులో ఉన్న డైపోల్‌కంటే 5 డీబీ అటూఇటుగా ఎక్కువిస్తుంది, అంటే 100 వాట్లు 300 వాట్లలా పనిచేస్తాయి. అంతకంటే ముఖ్యం, వెనకవైపు నుంచి, పక్కల నుంచి వచ్చే స్టేషన్లనీ నాయిస్‌నీ అణిచేస్తుంది, ఇది ఏ యాంప్లిఫయరూ ఇవ్వలేదు. చిక్కల్లా టవర్, రొటేటర్ (యాంటెన్నాని తిప్పే మోటర్), గాలివానకి తట్టుకునే స్టేలు. అంత మోయలేం అనుకునేవాళ్లకి హెక్స్‌బీమ్ మధ్యేమార్గం, 20 నుంచి 10 దాకా అయిదు బ్యాండ్లు ఒకే కోయాక్స్ మీద, తిరగడానికి మూడుంపావు మీటర్ల వ్యాసార్థం చాలు, తేలిక కాబట్టి చిన్న రొటేటర్ మోస్తుంది, గెయిన్ యాగీకంటే కొంచెం తక్కువ, డైపోల్‌కంటే 3 డీబీ పైన. యాగీకి, హెక్స్‌బీమ్‌కి మధ్య ఊగిసలాడేవాళ్లకి నా ఓటు హెక్స్‌బీమ్‌కే, ఎందుకంటే రెండింటికీ ఉన్న ఆ కాస్త తేడాకంటే తేలికపాటి యాంటెన్నాని ఇంకో మూడు నాలుగు మీటర్లు పైకెత్తడం వల్ల వచ్చే లాభమే ఎక్కువ.

పైకెక్కించే ముందు ఒక్కమాట, కరెంటు తీగలకి దూరం. వైరు తెగి పడినా, పోల్ విరిగి వాలినా తీగల మీద పడని చోట మాత్రమే కట్టాలి. ఇందులో సర్దుబాటు లేదు.

కోయాక్స్, నాయిస్

కోయాక్స్ గురించి రెండు ముక్కలు. ఆర్‌జీ-58 సన్నటి కేబుల్ 30 మీటర్లు వాడితే 10 మీటర్ల బ్యాండ్‌లో రెండున్నర డీబీ దాకా మింగేస్తుంది, అంటే దాదాపు సగం పవర్ దారిలోనే గోవిందా. ఆర్‌జీ-213 అయితే అదే దూరానికి ఒక డీబీ పైన, ఎల్ఎంఆర్-400 రకం ఇంకా తక్కువ. పది మీటర్ల లోపు దూరం, కింది బ్యాండ్లు అయితే సన్నదే చాలు, కంగారు పడి లావుది కొనక్కర్లేదు. కనెక్టర్లు సోల్డర్ బాగా పట్టేలా చేసి బయట ఉన్నవాటికి నీళ్లు దిగకుండా సెల్ఫ్ ఫ్యూజింగ్ టేప్ చుట్టండి, నీళ్లు తాగిన కోయాక్స్ కొలతల్లో బాగానే కనిపించి మోసం చేస్తుంది, ఎస్‌డబ్ల్యూఆర్ తక్కువ చూపిస్తుంది కదా అని మురిసిపోతాం, అది కేబుల్ నష్టం వల్ల తక్కువ చూపిస్తోందని చివరికి గానీ తెలీదు. ఒక నానోవీఎన్ఏ కొనుక్కోండి, చిన్న పరికరం, యాంటెన్నా ఎక్కడ రెజొనెన్స్‌లో ఉందో గీత గీసి చూపిస్తుంది.

నాయిస్ సంగతి మాత్రం చాలామంది వదిలేస్తారు. "వినపడనివాడితో మాట్లాడలేం" అనేది డీఎక్స్‌లో మొట్టమొదటి నిజం. మీ దగ్గర ఖాళీ ఫ్రీక్వెన్సీలోనే మీటర్ ఎస్7 చూపిస్తుంటే దూరం నుంచి ఎస్5తో వచ్చే స్టేషన్ మీకు లేనట్టే, ఇక దానికోసం ఎంత ఖరీదైన రిసీవర్ కొన్నా లాభం లేదు, ఎందుకంటే నాయిస్ యాంటెన్నాలోంచే వస్తోంది. ముందు రిగ్‌ని బ్యాటరీ మీద నడుపుతూ ఇంటి మెయిన్ స్విచ్ ఆపి చూడండి. నాయిస్ ఢమాలుమని పడిపోతే దొంగ ఇంట్లోనే ఉన్నాడు, ఒక్కొక్క ఎంసీబీ వేసుకుంటూ వస్తే పట్టుబడతాడు. సాధారణంగా దొరికేవి చవక ఎల్ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు, సోలార్ ఇన్వర్టర్, కరెంటు వైర్ల మీద ఇంటర్నెట్ పంపే అడాప్టర్లు. మిక్స్ 31 అనే రకం ఫెరైట్ రింగుల్లో ఆ వైర్లని ఏడెనిమిది చుట్లు చుడితే చాలావరకు శాంతిస్తాయి. మెయిన్ ఆపినా నాయిస్ అలాగే ఉంటే అది బయటిది, అప్పుడు యాంటెన్నాని ఇంటి గోడలకి దూరంగా జరపడం, విడిగా ఒక రిసీవింగ్ లూప్ పెట్టుకోవడం తప్ప దారిలేదు. రెండు పాయింట్ల నాయిస్ తగ్గించడం అంటే వినడంలో 12 డీబీ లాభం, ఆ 12 డీబీ పవర్‌లో కొనాలంటే 16 రెట్ల వాట్లు కావాలి, అదీ అవతలివాడు కొనాలి, మీరు కాదు!

ఇప్పుడు రిగ్గులు

ఇక్కడిదాకా ఓపిగ్గా చదివారు కాబట్టి అసలు అడిగినదానికి వస్తా. ఇంట్లో పెట్టుకునే 100 వాట్ల రిగ్గా, మోసుకెళ్లే చిన్న క్యూఆర్‌పీ (తక్కువ పవర్) రిగ్గా అన్నదే మొదటి నిర్ణయం. మొదటి రిగ్, ఒక్కటే రిగ్ అయితే 100 వాట్లది కొనండి. 5 వాట్లతో ప్రపంచం చుట్టినవాళ్లు ఉన్నారు, కాదనను, కానీ వాళ్లలో ఎక్కువమంది సీడబ్ల్యూ చేతులు, ఎప్పుడు ఏ బ్యాండ్ ఎటు తెరుచుకుంటుందో ఏళ్లతరబడి గమనించినవాళ్లు. కొత్తగా వచ్చినవాడు 5 వాట్ల ఎస్ఎస్‌బీతో, మేడమీద కట్టిన వైరుతో సీక్యూ (ఎవరైనా ఉన్నారా అనే పిలుపు) కొడుతూ కూర్చుంటే రెండు వారాల్లో విసుగొచ్చి రిగ్ అటకెక్కుతుంది. 100 వాట్ల రిగ్‌ని 5కి తగ్గించుకోవచ్చు, 5 వాట్లదాన్ని పెంచుకోలేం కదా.

100 వాట్లలో ఎక్కువగా వినిపించే పేరు ఐకామ్ ఐసీ-7300, 2016లో మార్కెట్లోకి వచ్చింది, యాంటెన్నా నుంచి వచ్చేదాన్ని నేరుగా డిజిటల్‌గా మార్చేసే డైరెక్ట్ శాంప్లింగ్ రకం, బ్యాండ్‌లోని సిగ్నళ్లని బొమ్మగా చూపించే వాటర్‌ఫాల్ స్క్రీన్, లోపలే ట్యూనర్, కంప్యూటర్‌కి ఒక్క యూఎస్‌బీ వైరు చాలు. యాయెసు ఎఫ్‌టీ-710 కూడా ఆ దారిలోదే. యాయెసు ఎఫ్‌టీడీఎక్స్10 కొంచెం వేరు, అందులో సూపర్‌హెట్ (ఫ్రీక్వెన్సీ ముందు మార్చే పాత పద్ధతి) దారిలో 500 హెర్ట్జ్ దాకా సన్నటి రూఫింగ్ ఫిల్టర్లు (పక్క స్టేషన్లని ముందే ఆపేవి) ఉంటాయి, అంటే పక్కనే గట్టి స్టేషన్ గోల చేస్తున్నా బలహీనమైనది వినిపించే అవకాశం ఎక్కువ. ఈ తేడా ఎవరికి పనికొస్తుందంటే పెద్ద యాంటెన్నా ఉండి, కాంటెస్ట్‌ల్లో, సీడబ్ల్యూ పైలప్‌ల్లో (ఒక స్టేషన్‌ని అందరూ ఒకేసారి పిలిచే గుంపులో) కూర్చునేవాళ్లకి. వైర్ యాంటెన్నా పెట్టుకుని శనాదివారాలు వినేవాళ్లకి మూడింటిలో ఏది కొన్నా చెవికి పెద్ద తేడా తెలీదు. షెర్వుడ్ ఇంజినీరింగ్ వాళ్ల రిసీవర్ టేబుల్‌ని అందరూ పట్టుకుంటారు, అది 2 కిలోహెర్ట్జ్ పక్కన గట్టి సిగ్నల్ ఉన్నప్పుడు రిసీవర్ ఎంత తట్టుకుంటుందో చూపిస్తుంది, పనికొచ్చే కొలతే, కానీ పైనున్న పది రిగ్గుల మధ్య తేడాకోసం అప్పు చెయ్యకండి, మీ ఇంటి నాయిస్ ఆ తేడాని ఎప్పుడో మింగేసింది.

జాగా తక్కువ, కారులోనూ వాడతాం అంటే యాయెసు ఎఫ్‌టీ-891, చిన్న సైజులో పూర్తి 100 వాట్లు, కానీ లోపల ట్యూనర్ లేదు, స్క్రీన్ చిన్నది, మెనూల్లో తవ్వుకోవాలి. మోసుకెళ్లేవాటిలో జియేగు జీ90 20 వాట్లిస్తుంది, దాని ట్యూనర్ మొండి వైర్లని కూడా దారికి తెస్తుంది, రిసీవర్ పెద్దవాటంత గట్టిది కాదు. ఐకామ్ ఐసీ-705 సొంత బ్యాటరీ మీద 5 వాట్లు, బయటి సప్లై మీద 10, హెచ్ఎఫ్ నుంచి యూహెచ్ఎఫ్ దాకా ఒకే పెట్టె, ముచ్చటగా ఉంటుంది గానీ ట్యూనర్ విడిగా కొనాలి. ఎలెక్రాఫ్ట్ కేఎక్స్2 కొండలెక్కేవాళ్ల ముద్దుబిడ్డ. చేతిలో పట్టుకునే వీహెచ్ఎఫ్ హ్యాండీలు ఎంత చవకగా దొరికినా దూరానికి పనికిరావు, అవి దాదాపు కనుచూపు మేరే, రిపీటర్ (సిగ్నల్‌ని అందుకుని మళ్లీ పంపే స్టేషన్) ఉంటే ఇంకొంత.

బ్రాండ్ పక్కనపెట్టి డీఎక్స్‌కి రిగ్‌లో చూడాల్సింది ఏంటంటే, స్ప్లిట్ వాడటం ఎంత సులువుగా ఉంది అనేది. అరుదైన స్టేషన్ తను ఒక ఫ్రీక్వెన్సీ మీద మాట్లాడి, "అప్ 5" అని పైన 5 కిలోహెర్ట్జ్ దగ్గర్నుంచి వింటాడు, మీరు అతన్ని కింద వింటూ పైన పిలవాలి. ఇది ఒక్క బటన్‌తో కుదరాలి, తడుముకుంటూ అతని ఫ్రీక్వెన్సీ మీదే పిలిచేస్తే అందరూ కలిసి వాయించేస్తారు. అతను ఇప్పుడు ఎవర్ని ఎక్కడ తీసుకున్నాడో స్కోప్ (సిగ్నళ్లు కనిపించే స్క్రీన్) మీద కనిపిస్తే మీ వంతు ఎక్కడ పిలవాలో పసిగట్టొచ్చు, అందుకే స్కోప్ ఉన్న రిగ్ కొనమంటా. ఐసీ-7610, ఎఫ్‌టీడీఎక్స్101 లాంటివాటిలో రెండు రిసీవర్లు ఉంటాయి, ఒక చెవిలో అతను, ఇంకో చెవిలో పైలప్, ఆ సుఖం అనుభవించినవాళ్లు వెనక్కి రారు, కానీ అది రెండో రిగ్‌కి వాయిదా వెయ్యదగ్గ సుఖమే.

పవర్ సప్లై 13.8 వోల్టులది, 100 వాట్ల రిగ్ పంపేటప్పుడు 20 ఆంపియర్ల పైనే లాగుతుంది కాబట్టి 30 ఆంపియర్లది తీసుకోండి. నాయిస్ చేసే స్విచింగ్ సప్లై కొని పైన చెప్పిన కష్టమంతా నీళ్లపాలు చేసుకోకండి.

మోడ్‌ని బట్టి కూడా లెక్క మారుతుంది

2017లో జో టేలర్, స్టీవ్ ఫ్రాంకీ ఎఫ్‌టీ8 తెచ్చాక (టేలర్‌కి 1993లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది, పల్సర్ల పనికి) చిన్న స్టేషన్ల జాతకం మారిపోయింది. 15 సెకన్ల వంతులు, 50 హెర్ట్జ్ వెడల్పు, నాయిస్‌కంటే 20 డీబీ కింద ఉన్నా కంప్యూటర్ చదివేస్తుంది, ఆ స్థాయిలో మనిషి చెవికి ఏమీ వినపడదు. బాల్కనీ లూప్, 10 వాట్లు ఉన్నవాళ్లకి డీఎక్స్‌సీసీ అవార్డుకి కావల్సిన 100 ఎంటిటీలు (దేశాలు, దీవుల్లాంటివి) పూర్తి చెయ్యడానికి ఇదే దగ్గరి దారి. కొందరు పెద్దలు అది రేడియో కాదు, కంప్యూటర్లు మాట్లాడుకోవడం అంటారు, వాళ్లతో వాదించే ఓపిక నాకు లేదు. కంప్యూటర్ గడియారం సెకనులోపు తేడాతో కరెక్ట్‌గా ఉండాలి, పవర్ సగానికి తగ్గించి వాడాలి, ఎందుకంటే ఒక్కో వంతులో 12 సెకన్ల పైన ఆగకుండా ఫుల్‌గా పంపుతుంది, ఎస్ఎస్‌బీలో మాటల మధ్య దొరికే విరామం ఫైనల్స్‌కి (రిగ్‌లోని చివరి పవర్ ట్రాన్సిస్టర్లకి) ఇందులో దొరకదు. సీడబ్ల్యూ నేర్చుకునే ఓపిక ఉంటే మాత్రం తక్కువ పవర్‌తో, కంప్యూటర్ లేకుండా, ఎస్ఎస్‌బీకంటే చాలా దూరం పోవచ్చు. మైక్‌లో మాట్లాడితేనే తృప్తి అనేవాళ్లు 100 వాట్లకీ, మంచి యాంటెన్నాకీ ఖర్చు పెట్టక తప్పదు.

లీనియర్ యాంప్లిఫయర్ సంగతి. 100 నుంచి 500 వాట్లకి పోతే 7 డీబీ, ఎస్-మీటర్ మీద ఒక పాయింట్ పైచిలుకు. పైలప్‌లో ఆ ఒక్క పాయింటే తేడా చూపిస్తుంది, 80, 160 మీటర్లలో ఇంకా బాగా చూపిస్తుంది, అది ఒప్పుకోవాలి. కానీ దాంతోపాటు లావు కోయాక్స్, పెద్ద ట్యూనర్, పెద్ద చోక్, పక్కింటి టీవీ గొడవలు అన్నీ వస్తాయి, వినడంలో పైసా లాభం ఉండదు. యాంప్లిఫయర్ పెట్టి యాంటెన్నా వదిలేసినవాళ్లని హామ్‌లు మొసలి అంటారు, నోరు పెద్దది, చెవులు చిన్నవి. ఎన్ని వాట్ల దాకా వాడొచ్చో మీ లైసెన్స్‌లో చూసుకోండి, దేశానికొక రూలు.

కొనేటప్పుడు సూర్యుణ్ణి కూడా లెక్కలోకి తీసుకోవాలి. సన్‌స్పాట్ సైకిల్ సుమారు 11 ఏళ్లు, ఇప్పుడున్న 25వ సైకిల్ 2019 డిసెంబర్‌లో మొదలైంది, 2024 అక్టోబర్‌లో గరిష్ఠ దశకి చేరామని నాసా, నోవా (అమెరికా వాతావరణ, సముద్ర సంస్థ) ప్రకటించాయి. ఆ తర్వాత మెట్లు దిగడమే. గరిష్ఠ దశలో 10 మీటర్ల మీద కొన్ని వాట్లతో చుట్టేసినవాళ్లకి సైకిల్ అడుగున ఆ బ్యాండ్ రోజులతరబడి శూన్యంగా కనిపిస్తుంది. అందుకని 10 మీటర్లకి మాత్రమే పెద్ద యాగీ ఇప్పుడు కొనడం నాకు తెలివైన పనిలా అనిపించదు. 20, 30, 40 మీటర్లు ఏ దశలోనైనా తిండి పెట్టే బ్యాండ్లు, యాంటెన్నాలో ఇవి ఉండేలా చూసుకోండి.

హెచ్ఎఫ్ యాంటెన్నా అసలే కుదరదు, పడమటి ఆకాశం మాత్రం కనిపిస్తుంది అనేవాళ్లకి ఇంకో దారుంది, క్యూఓ-100. 2018 నవంబర్‌లో పైకెళ్లిన భూస్థిర ఉపగ్రహం మీద హామ్ ట్రాన్స్‌పాండర్ (అందుకున్న సిగ్నల్‌ని తిప్పి పంపే పరికరం), 25.9 డిగ్రీల తూర్పున కదలకుండా ఉంటుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో పంపి 10.489 గిగాహెర్ట్జ్‌లో వినాలి, మీటర్ లోపు డిష్, కొద్ది వాట్లు చాలు, బ్రెజిల్ నుంచి థాయ్‌లాండ్ దాకా రాత్రీ పగలూ తేడా లేకుండా దొరుకుతారు. బ్యాండ్ ఎప్పుడు తెరుచుకుంటుందా అని ఎదురుచూసే ఆ ఉత్కంఠ ఉండదు, కొందరికి అదే లోటు, కొందరికి అదే వరం. అమెరికాలు ఎక్కువ భాగం, జపాన్ దీని కవరేజీలోకి రావు.

సెకండ్ హ్యాండ్ గురించి చెప్పి ఆపేస్తా, ఎందుకంటే చాలామంది మొదటి రిగ్ అలాగే కొంటారు, కొనొచ్చు కూడా. అమ్మేవాడి దగ్గరే డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పవర్‌ని మింగే పరికరం) తగిలించి ప్రతి బ్యాండ్‌లోనూ ఫుల్ పవర్ వస్తోందా చూడండి, ఒకటి రెండు బ్యాండ్లలో మాత్రమే పవర్ తగ్గితే ఫిల్టర్ బోర్డు రిలేలు, అన్నిటిలోనూ తగ్గితే ఫైనల్స్ అనుమానించాలి. ఓ అయిదు నిమిషాలు ఆపి ఆపి పంపుతూ ఫ్యాన్ తిరుగుతోందా, పవర్ జారుతోందా గమనించండి. ట్యూనర్ బటన్ నొక్కితే రిలేలు టకటకలాడి రెండు మూడు సెకన్లలో ఆగాలి. స్క్రూల తలలు అరిగి ఉంటే లోపల ఎవరో చేతులు పెట్టారన్నమాట, ఏం మార్చారో అడగండి. తయారీ ఆగిపోయిన మోడల్ అయితే డిస్‌ప్లే, ఫైనల్ ట్రాన్సిస్టర్లు ఇంకా దొరుకుతున్నాయో లేదో కనుక్కోకుండా డబ్బు ఇవ్వకండి, ఆ రెండింటిలో ఏది పోయి దొరక్కపోయినా మిగిలేది బరువైన ఖాళీ డబ్బానే.